పది వచ్చింది మేస్త్రీ

"నేనే నొక్కానని చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు," అంటూ భార్య ఇస్త్రీ చొక్కా తెచ్చి మేస్త్రి ఒళ్ళో పడేసింది.

మేస్త్రి దాని వంక చూశాడు. పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే చొక్కా. డబ్బు పోగొట్టుకున్నవాడు డబ్బున్నవాడిలా కనబడితేనే బ్యాంకులో కుర్చీ చూపిస్తారని ఆవిడ నమ్మకం.

"నొక్కింది నేను కదమ్మా," అంది గడప దగ్గర కూతురు. ఎనిమిది రోజులుగా ఆ పిల్ల గడప దగ్గరే నిలబడుతోంది. లోపలికొస్తే ఇంట్లోవాళ్ళేమంటారో, బయటికెళ్తే ఊళ్ళోవాళ్ళేమడుగుతారో అని.

"నువ్వు నోర్మూసుకో. ఆ ఏడో ప్రశ్న ఇంకోసారి చదువు."

కూతురు బ్యాంకు ఫారం ఎత్తి చదివింది. "ఈ చెల్లింపు మీరే స్వయంగా చేశారా? మీ పిన్ను మరెవరికైనా తెలుసా?"

"తెలుసంటే చచ్చామన్నమాటే. పిన్ను ఇంకోళ్ళకి చెబితే పైసా కూడా ఇవ్వరట. పక్కింటి కరెంటాయనకి అలాగే అయింది," అంది భార్య.

"కరెంటాయన కూతురికి చెప్పలేదు. తాగి ఎవడికో చెప్పాడు," అన్నాడు మేస్త్రి.

"బ్యాంకుకి కూతురొకటీ తాగుబోతొకటీనా? ఎవరైనా ఒకటే. ఎనిమిది రోజులైంది, ఇంకా నీకు న్యాయాలు కావాలి! శనివారం సినిమా హాలు మేనేజరు వస్తాడు. కుర్చీలేవయ్యా అంటే ఏం చూపిస్తావ్? బొమికలా?"

మేస్త్రి వీధి గది వైపు చూశాడు. వీధి గదే అతని షాపు. రెండు వందల ఇరవై సినిమా హాలు కుర్చీలు అక్కడ బట్టా స్పాంజీ పీకేసి, ఇనుప చువ్వలతో పక్కటెముకల్లా నిలబడున్నాయి. కొత్త ఫోమ్ వేసి, కొత్త బట్ట కుట్టి ఇవ్వాలి. హాలువాళ్ళిచ్చిన అడ్వాన్సుకి తన దగ్గరున్నది కూడా కలిపితే మూడు లక్షల అరవై వేలయింది. ఫోమ్ షావుకారుకి వెళ్ళాల్సిన ఆ డబ్బే దొంగల పాలైంది. షావుకారు "అయ్యో పాపం" అన్నాడు గానీ "అరువు" అనలేదు. శనివారానికి కుర్చీలు లేకపోతే అడ్వాన్సు వెనక్కి కట్టాలి. కట్టడానికి మిషన్లమ్మాలి. మిషన్లమ్మాక మేస్త్రి అన్న పేరొక్కటే మిగులుతుంది.

ఆ కుర్చీల కింద అంటుకున్న చూయింగ్ గమ్ ఉలితో గోకుతూ అతను ఈ ఎనిమిది రోజులు గడిపాడు. ఎవరెవరో నమిలి, చీకట్లో చూసేవాడు లేడని వేలితో నొక్కిపోయిన గమ్. కొన్నిటి మీద ఇంకా పళ్ళ గుర్తులున్నాయి. మనిషి మీద అసహ్యం పుట్టాలంటే సినిమా హాలు కుర్చీని తిరగేసి చూస్తే చాలు.

"అసలు వాడి గొంతు నీకు కొత్తగా అనిపించలేదా?" భార్య మళ్ళీ మొదలుపెట్టింది.

"షావుకారు దగ్గర కొత్త గుమస్తానన్నాడు కదా. కొత్తగానే ఉంటుంది."

"పది నిమిషాలు కబుర్లాడావు. వాడి నడుం నొప్పి కూడా అడిగి తెలుసుకున్నావు!"

"నేనడగలేదు. వాడే చెప్పాడు."

"నడుం కింద రెండంగుళాల ఫోమ్ పెట్టుకో తమ్ముడూ అన్నదెవరు? గట్టిది పెట్టుకో, మెత్తది పెడితే కుంగుతుంది అన్నదెవరు? దొంగవెధవకి పరుపు సలహా! వాడిప్పుడు మన డబ్బుతో పరుపే కొనుక్కుని ఉంటాడు."

మేస్త్రి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. నోట్లో ఉన్న గుక్క మింగబుద్ధి కాలేదు, ఉమ్మబుద్ధీ కాలేదు.

అతనేమీ గుడ్డిగా నమ్మేరకం కాదు. అదే అతనికి మంటగా ఉంది. ఆ ఇంట్లో డబ్బు పంపడానికి ఒక పద్ధతుంది. కొత్త అకౌంటుకి ముందు పది రూపాయలు పంపాలి. ఫోను చేసి అడగాలి. "వచ్చింది" అన్న మాట చెవిన పడ్డాకే మిగతాది. పిన్ను అంకెలు మేస్త్రి పైకి చెబుతాడు, కూతురు నొక్కుతుంది. నాలుగేళ్ళలో ఒక్కసారి తేడా రాలేదు. ఆ రోజూ పద్ధతి తప్పలేదు. షావుకారు అకౌంటు మారిందనీ, పాత ఫోను రిపేరులో ఉందనీ మెసేజి వచ్చింది. కొత్త నంబరూ ఆ మెసేజిలోనే ఉంది. మేస్త్రి పది పంపించాడు. ఆ కొత్త నంబరుకే ఫోను చేశాడు. దొంగని పిలిచి, బాబూ నువ్వు దొంగవా అని అడిగినట్టయింది.

"పది వచ్చింది మేస్త్రీ. మిగతాది కానివ్వండి," అందా గొంతు, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాద ఇంకా చెవిలో చీములా కారుతూనే ఉంది.

"చొక్కా తొడుక్కో. పది కావస్తోంది," అంది భార్య. ఆ అంకె నోట్లోంచి రాగానే ముగ్గురూ ఎటో చూశారు.

*

బ్యాంకులో కుర్చీ చూపించారు. మేస్త్రి కూర్చున్నాడు, కూర్చోగానే లోపలి సరుకేమిటో తెలిసిపోయింది. ముక్కలు ముక్కలు అతికించిన చెత్త స్పాంజి, పైన మాత్రం తోలులా తళతళ. కింద వేలుపెట్టి తడిమాడు. కుట్టు కూడా లేదు, పిన్నులు కొట్టి వదిలేశారు. తను ఈ పని చేసి ఇస్తే చెప్పుతో కొట్టేవాళ్ళు.

గంటన్నర తర్వాత పిలుపొచ్చింది. గాజు గదిలో ఆఫీసరమ్మ ఫారం అందుకుని, పక్కనున్న సీసాలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని చేతులు శుభ్రంగా రుద్దుకుంది. పోయిన డబ్బు కూడా అంటురోగమే కాబోలు.

"ముందొక మంచిమాట చెబుతాను," అందావిడ. "మీ డబ్బులో కొంత ఆగింది. లక్షా నలభై వేలు. వాళ్ళు తీసుకునేలోపు అవతలి బ్యాంకువాళ్ళు ఆ అకౌంటు బిగించేశారు."

మేస్త్రికి ఊపిరాడింది. లక్షా నలభై! సగం కుర్చీలకి ఫోమ్ వస్తుంది. సగం చేసి చూపిస్తే మేనేజరు కాళ్ళో గడ్డమో పట్టుకుని మిగతా సగానికి గడువడగొచ్చు.

"ఎప్పుడిస్తారు మేడమ్?"

"ఇస్తారని నేననలేదు. ఆగిందన్నాను. మీ తప్పు లేదని మేం రాసిస్తే వస్తుంది." ఫారం తిప్పింది. "ఇక్కడ రెండుసార్లు పంపినట్టుంది. ముందు పది, తర్వాత మొత్తం. ఎందుకలా?"

"జాగ్రత్త కోసం. మా ఇంట్లో అదే పద్ధతి."

ఆవిడ కలం పక్కన పెట్టి అతని వంక జాలిగా చూసింది. అన్నిట్లోకీ ఆ జాలే అతనికి నచ్చలేదు.

"మీ జాగ్రత్తే ముంచింది. కొత్త అకౌంటుకి పెద్ద మొత్తం పంపితే మా మిషను ఒకరోజు ఆపుతుంది. ఈ లోపు మీకు ఫోను చేసి అడుగుతాం. మీరేమో ముందు పది పంపారు. అది వెళ్ళిపోయింది. దాంతో ఆ అకౌంటు మిషనుకి పాతదైపోయింది, తెలిసినవాళ్ళేలే అనుకుని తర్వాతి దాన్ని వదిలేసింది."

మేస్త్రికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఇంకెప్పటికీ అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

"అంటే దొంగని నేనే తీసుకొచ్చి మీ మిషనుకి పరిచయం చేశానా?"

"అలాగే అనుకోండి."

"పది పంపితే పాతచుట్టమైపోతాడా? పాతికేళ్ళుగా ఇక్కడే డబ్బు దాచుకుంటున్నాను, నేను మీకెప్పుడు చుట్టాన్నయ్యాను మేడమ్?"

"కోప్పడితే లాభం లేదు. చదివి నొక్కితే మీ తప్పు. చదవకుండా నొక్కితే మీ తప్పు. పిన్ను ఇంకొకరికి చెబితే మరీ తప్పు. రూలు నేను రాయలేదు."

"మరి మీ తప్పులు ఏ కౌంటర్లో తీసుకుంటారో చెప్పండి, అక్కడ కూడా వరసలో నిలబడతాను."

ఆవిడ పెదవి వంకర అయింది. నవ్వో విసుగో తెలియలేదు. "ఏడో ప్రశ్న. మీరే నొక్కారా?"

"నేనే నొక్కాను."

"పిన్ను ఎవరికీ తెలీదు?"

"తెలీదు."

"సంతకం పెట్టండి."

పెట్టాడు. అతనికి రాయడం వచ్చిన ఒకే ఒక్క సంగతి అది. అక్షరాలు రాకుండానే పదకొండో ఏట బడి మానేసి దూది కుప్ప మీద కూర్చున్నవాడు. ఈ సంతకం మాత్రం పాత సోఫా బట్టల మీద సుద్దముక్కతో పెట్టిపెట్టి నేర్చుకున్నాడు. చూసేవాళ్ళకి డిగ్రీ చదివినవాడి సంతకంలా వంపులు తిరిగి ఉంటుంది.

ఆవిడ తన ఫోను తీసి, అందులో ఏదో తెరిచి, అతని ముందుకు జరిపింది. "డబ్బు పంపే ముందు మీకు ఈ హెచ్చరిక కనబడుతుంది. మీరే నొక్కారు కాబట్టి చూసే ఉంటారు. ఏం రాసుందో ఒకసారి చదవండి."

మేస్త్రి ఫోను అందుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. దగ్గరగా పట్టుకున్నాడు. చీమలు బారుగా పోతున్నాయి.

"కళ్ళజోడు మర్చిపోయొచ్చాను మేడమ్."

ఆవిడ చూపు అతని చొక్కా జేబు మీద ఆగింది. కళ్ళజోడు జేబులోంచి సగం బయటికొచ్చి వేలాడుతోంది. సూదిలోకి దారం ఎక్కించడానికి కొన్న కళ్ళజోడు. నలుగురిలోకి వెళ్ళేటప్పుడు చదువుకున్నవాడిలా ఉంటుందని జేబుకి తగిలించుకుంటాడు.

మేస్త్రికి మెడ వెనక వేడెక్కింది. పట్టుబడ్డ దొంగ కూడా ఇంత ఏవగింపు పడి ఉండడు తనని చూసుకుని.

ఆఫీసరమ్మ ఆ ఫారాన్ని రెండుగా మడిచింది. చింపలేదు. కొత్త ఫారం ఒకటి దాని మీద పెట్టి అతని వైపు తోసింది.

"ఇది నేను చూడలేదు. రేపు సాయంత్రం లోపు ఇంకోటి రాసుకు రండి. నొక్కిందెవరో, ఎందుకు నొక్కారో ఉన్నదున్నట్టు రాయించండి. చదవడం రానివాళ్ళకి వేరే రూలుంది. ఇంట్లోవాళ్ళ సాయం తీసుకున్నారని రాస్తే ఆ లక్షా నలభైకి దారి ఉండొచ్చు."

"ఉండొచ్చా?"

"నిజం రాస్తే ఏమవుతుందో నేను చెప్పలేను. అబద్ధం రాస్తే ఏమవుతుందో మాత్రం చెప్పగలను."

"చదవడం రాదని రాయాలా? కాగితం మీద?"

"కాగితం మీదే."

మేస్త్రి రెండు ఫారాలూ మడిచి జేబులో కుక్కుకున్నాడు. కళ్ళజోడు తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. అంతా అయ్యాక.

*

ఇంటి ముందు బావమరిది చెప్పులున్నాయి. ఈ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మందుకంటే ముందు వచ్చేది బావమరిది సలహాయే. వీధిలో అందరూ అతన్ని సలహాలరావు అని పిలుస్తారు. అతను మాత్రం అది గౌరవమనే అనుకుంటాడు.

"రా బావా, నీ కోసమే చూస్తున్నాం. బ్యాంకువాళ్ళు ఏమన్నారో నేను చెప్పనా? రూలు లేదన్నారు. అవునా?"

"ఏమన్నారయ్యా?" అంది భార్య. ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుంది గానీ కుట్టడం లేదు. చేతిలో ఫోనుంది.

"ఏమీ అనలేదు," అన్నాడు మేస్త్రి. జేబులో కాగితాలు గుచ్చుకున్నాయి.

"అనరు," అన్నాడు బావమరిది. "అందుకే నేనొక మనిషిని పట్టాను. పోయిన డబ్బు వెనక్కి రప్పించడమే అతని పని. పెద్ద పెద్ద ఆఫీసర్లు చేతిలో ఉన్నారు. మొత్తం మూడు లక్షల అరవై వేలూ రెండు రోజుల్లో అకౌంటులో పడతాయి. ముందు ఖర్చులకి నలభై వేలు, అంతే."

"పోయింది మూడు అరవై. ఉన్నది నలభై. అది కూడా పోతే లెక్క గుండ్రంగా నాలుగవుతుందనా?"

"అదిగో, నీ వెటకారం! చేతులు కాలాక ఆకులు తెచ్చిస్తుంటే ఆకుల రంగు బాలేదంటావు."

"నీకెంతిస్తానన్నాడ్రా?"

"ఎవరు?"

"నీ ఆకులవాడు."

బావమరిది అక్క వైపు చూశాడు. "అదేదో రెండు శాతం… అది మామూలే బావా, ఎవరు తెచ్చినా ఇస్తారట. నేనడగలేదు."

"నువ్వడగవు. పుండు మీద వాలే ఈగ కూడా అడగదు."

"చాల్లే!" భార్య గొంతు లేచింది. "వాడైనా ఏదో ఒకటి తెచ్చాడు. నువ్వేం తెచ్చావు బ్యాంకునుంచి? చెమట తెచ్చావు. నలభై వేలు నీవి కాదు. దిండు గలీబులు కుట్టి నేను దాచుకున్నవి. నా ఇష్టం."

"అది నా ఫీజు డబ్బమ్మా," అనబోయి కూతురు ఆగింది. గడప దగ్గరే నిలబడుంది.

భార్య చేతిలోని ఫోనులోంచి అప్పుడొక గొంతు వినబడింది. అంతసేపూ అది లైన్లోనే ఉంది.

"వదినగారూ, అన్నగారు వచ్చినట్టున్నారు. తొందరేం లేదు. అనుమానం ఉండటం మంచిదే. అందుకే చెప్పాను కదండీ, ముందు పది పంపండి, వచ్చిందని నేను చెబుతాను, ఆ తర్వాతే మిగతాది అని. మీ పద్ధతి అదే కదా."

మేస్త్రి విప్పుతున్న చెప్పు విప్పుతున్నట్టే ఆగింది.

"ఆ పద్ధతి సంగతి వాడికెవరు చెప్పారు?" అన్నాడు మెల్లగా.

"నేను కాదు, ఆయనే ముందన్నాడు," అంది భార్య.

"నిన్నేరా. నువ్వు చెప్పావా?"

"నా పిల్లల మీద ఒట్టు బావా! మీరు పది పంపుతారో పాతిక పంపుతారో నాకేం తెలుసు? నాకెప్పుడైనా పంపావా నువ్వు?"

నిజమే. ఆ సంగతి బావమరిదికి తెలీదు. తెలిసినవాళ్ళు ఈ గదిలో ముగ్గురు. బయట బ్యాంకు ఆఫీసరమ్మ, అదీ ఇందాకే. ఇంకొకడు ఉన్నాడు. మర్యాదగా మాట్లాడేవాడు. నడుం నొప్పివాడు.

మేస్త్రి ఒక చెప్పుతోనే లోపలికి నడిచి, భార్య చేతిలోని ఫోను వైపు వంగాడు.

"నడుం నొప్పి తగ్గిందా తమ్ముడూ?"

అవతల గొంతు ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత అదే మర్యాదతో అంది, "ఎవరనుకుని మాట్లాడుతున్నారో గానీ అన్నగారూ, వదినగారు పంపిన పది పదకొండింటికే వచ్చింది. మిగతాది వారిష్టం."

మేస్త్రి నిటారుగా లేచాడు. గోకిన గమ్ అంతా ఎవరో తన నోట్లో పెట్టినట్టయింది. ఇల్లు దోచిందే కాక, ఎంత ఏడుస్తున్నారో చూద్దామని వాడు మళ్ళీ వచ్చాడు. వచ్చి, వదినా అని పిలిచి పీట వేయించుకున్నాడు.

"పది పంపేశావా?"

"పంపాను. నువ్వు బ్యాంకులో ఉన్నప్పుడు." ఆవిడ అతని కళ్ళలోకి చూడలేదు. "జాగ్రత్తగానే చేశాను. మన పద్ధతి ప్రకారమే."

మన పద్ధతి. ఆ పదితో ఆవిడ బ్యాంకు మిషనుకి కూడా వాడు చుట్టమైపోయాడు. ఇక నలభై వేలు వెళ్ళడానికి ఆవిడ బొటనవేలు కదిలితే చాలు. ఆ వేలు ఫోను మీదే ఉంది.

"పెట్టెయ్. వాడే వీడు. ఫోను పెట్టెయ్."

ఆవిడ పెట్టలేదు. మొహం మీద కోపం లేదు. ఏడుపు లేదు. ఎనిమిది రోజులుగా దాచుకున్నది ఇంకేదో ఉంది.

"వీడు కూడా దొంగే అంటావు. సరే. అయితే ఇక మన డబ్బు రాదన్నమాటేగా? రాదని నువ్వు చెప్పు. పెళ్ళాం పిల్ల ముందు నిలబడి, రాదే, పోయిందే అని నీ నోటితో చెప్పు. ఫోను పెట్టేస్తాను. అది చెప్పలేకపోతే నన్ను నొక్కనీ. కనీసం రెండు రోజులు వస్తుందనుకుంటూ బతుకుతాను."

కొనుక్కునే ఆశ కూడా దొంగ దగ్గరే కొనాలన్నమాట, రెండు రోజులకి నలభై వేలు. మేస్త్రి నోరు తెరిచాడు. పోయిందే అన్న మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, లక్షా నలభై. దాని వెనక మూడోది. ముప్ఫై ఆరేళ్ళుగా ఎవరి ముందూ అనని మాట.

జేబులోంచి కాగితాలు తీశాడు. సంతకం ఉన్నదాన్ని నలిపి, గమ్ పెళ్ళల బుట్టలో పడేశాడు. రెండోదాన్ని మోకాలి మీద పెట్టుకుని చేత్తో సాపు చేశాడు, బట్టని చేసినట్టే.

"ఇటు రామ్మా. ఆ గడప వదిలి లోపలికి రా," అన్నాడు కూతురితో. "పెన్ను తెచ్చుకో. ఏడో ప్రశ్న దగ్గర రాయి. మా నాన్నకి చదవడం రాదు, అని రాయి."

బావమరిది నోరు తెరుచుకునే ఉంది. బావ జేబుకి వేలాడే కళ్ళజోడు చూసి ఇన్నేళ్ళూ తన ఫారాలన్నీ అతనికే చదవమని ఇచ్చినవాడు అతను. ప్రతిసారీ మేస్త్రి, బాగానే ఉందిలేరా అనేవాడు.

కూతురు గడప దాటింది. పెన్ను మూత తీసింది. కాగితం మీద పెట్టింది. రాయలేదు. తల్లి చేతి వంక చూస్తోంది.

మేస్త్రి కూడా అటే చూశాడు. వేలు ఇంకా అక్కడే ఉంది.

"రాసి చూస్తే లక్షా నలభై రావచ్చు. రాకపోనూ వచ్చు. నా దగ్గరున్నది అంతే," అన్నాడు భార్యతో. "వాడి దగ్గరున్నది కావాలో, ఇది కావాలో, నువ్వే చూసుకో."

"వదినా," అంది ఫోనులోంచి ఆ గొంతు. గారు ఎగిరిపోయింది. మర్యాద అలాగే ఉంది. "లైన్లో ఉన్నారా?"

భార్య ఫోను వైపు చూసింది. కాగితం వైపు చూసింది.

"ఉన్నాను," అంది.